అమ్మకి పుస్తకం కొనాలనుకుంటున్నారా? తరచుగా అడిగే ప్రశ్నలు

గత కొన్నేళ్ళుగా ఫ్రెండ్సూ కజిన్సూ ఆఫీసు వాళ్ళూ నన్ను ఈ ప్రశ్నలే తిప్పి తిప్పి అడుగుతున్నారు, అమ్మ పుట్టినరోజుకో, రిటైర్మెంట్‌కో, నాన్నగారి షష్టిపూర్తికో, మే నెల రెండో ఆదివారం మదర్స్ డేకో. ఒక్కొక్కళ్ళకీ విడివిడిగా వాయిస్ మెసేజ్ పెట్టే బదులు అన్నీ ఒక్కచోట రాసేస్తున్నా.

అమ్మకి ఏ పుస్తకం ఇష్టమో ఎలా తెలుసుకోవాలి? అడిగితే "నాకెందుకే ఇప్పుడు, డబ్బులు దండగ" అంటుంది.

అవును, ఏం కావాలి అని అడిగితే ఏ అమ్మా చెప్పదు. అందుకే ఆ ప్రశ్న వద్దు. "అమ్మా, నువ్వు పెళ్ళికి ముందు ఏం చదివేదానివి?" అని అడగండి, అదీ ఫోన్లో హడావిడిగా కాదు, ఆవిడ చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్నప్పుడో పప్పు ఏరుతున్నప్పుడో పక్కన కూర్చుని మీరూ రెండు కాయలు తీస్తూ అడగండి. ఇక అక్కడినుంచి వినడమే మీ పని. వీక్లీ ఇంటికి రాగానే ముందు ఎవరు చదవాలని అక్కచెల్లెళ్ళు ఎలా కొట్టుకునేవాళ్ళో, అద్దె పుస్తకాల షాపు నుంచి నవల తెచ్చుకుని రెండో రోజు అద్దె పడకుండా రాత్రికి రాత్రే ఎలా పూర్తి చేసేవాళ్ళో, సీరియల్ పేజీలు వారం వారం చింపి దాచి చివర్లో దారంతో కుట్టి బైండు చేయించుకోవడం, ఆ బైండు పిన్నికి ఇస్తే తిరిగి రాకపోవడం, ఇవన్నీ బయటికొస్తాయి. మా అమ్మ అలా పోగొట్టుకున్న ఒక బైండు గురించి ముప్పయ్యేళ్ళ తర్వాత కూడా బాధపడుతుంటే నాకు అప్పుడు అర్థమైంది, నేను ఇన్నాళ్ళూ కొన్నవన్నీ "అమ్మ" అనే ఒక మనిషికి కొన్నాను గానీ ఆ పద్ధెనిమిదేళ్ళ అమ్మాయికి ఒక్కటి కూడా కొనలేదు అని. ఆ నవల వెతికి తెచ్చిస్తే అమ్మ ముందు అట్ట చూడలేదు, మధ్యలో ఎక్కడో ఒక పేజీ తీసి అక్కడే నిలబడి చదవడం మొదలుపెట్టింది.

కాబట్టి నా సలహా మొత్తం ఇదే, కింద చెప్పేవన్నీ దీని చుట్టూ తిరిగేవే: మనకి అమ్మ కాకముందు ఆవిడ ఏ పాఠకురాలో ఆవిడకి కొనండి.

మా అమ్మది సీరియల్ నవలల తరం. ఎక్కడ మొదలుపెట్టాలి?

డెబ్భైల్లో ఎనభైల్లో కాలేజీ చదివిన అమ్మ అయితే యద్దనపూడి సులోచనారాణి దగ్గర మొదలుపెట్టండి, చాలావరకు తప్పు పోదు. "సెక్రటరీ"లో జయంతి, రాజశేఖరం పేర్లు చెప్పి చూడండి, ముఖంలో తెలిసిపోతుంది. ఆవిడ నవలలు సినిమాలుగా కూడా వచ్చాయి, "మీనా" 1973లో, "సెక్రటరీ" 1976లో, కాబట్టి నవల చదవని అమ్మకి కూడా కథ గుర్తుంటుంది, అలాంటివాళ్ళకి పుస్తకం ఇస్తే "సినిమాలో ఇది తీసేశారు చూడు" అని పోల్చుకుంటూ చదువుతారు. ఆ పడవలాంటి కారూ ఆరడుగుల హీరో కథలేనా అని చిన్నచూపు చూసేవాళ్ళు ఉంటారు, పట్టించుకోవద్దు. అప్పట్లో లక్షల మంది ఆడపిల్లల్ని పుస్తకం పట్టుకునేలా చేసినవి ఆ నవలలే, ఆత్మాభిమానం ఉన్న హీరోయిన్‌ని వాళ్ళు అక్కడే చూశారు.

అమ్మ కొంచెం వాదించే రకం అయితే, అంటే పెళ్ళిళ్ళలో కట్నాల మాట వస్తే ఊరుకోని మనిషైతే, రంగనాయకమ్మ. "స్వీట్‌హోమ్" నవ్విస్తుంది, "జానకి విముక్తి" నిద్రపోనివ్వదు. పైగా ఆవిడ పుస్తకాలు పేజీలతో పోలిస్తే ధర చాలా తక్కువ, కావాలనే అలా పెడతారు. నవ్వుకోడానికే అయితే భానుమతి "అత్తగారి కథలు", పురాణం సుబ్రహ్మణ్యశర్మ "ఇల్లాలి ముచ్చట్లు".

ఒకప్పుడు తెగ చదివేదట, ఇప్పుడు పుస్తకం ముట్టుకోదు. లావు నవల ఇస్తే చదువుతుందా?

చదవకపోవచ్చు, అది ఆసక్తి పోయి కాదు. ముప్పై నలభయ్యేళ్ళు కుక్కర్ విజిల్స్ లెక్కపెడుతూ, మధ్యలో ఎవరో పిలుస్తుంటే లేస్తూ బతికిన మనిషికి ఒక గంట పట్టుమని కూర్చోవడం అలవాటు తప్పిపోతుంది. అందుకని ముందు చిన్న కథలు ఇవ్వండి. నేనైతే కళ్ళు మూసుకుని చెప్పేది సత్యం శంకరమంచి "అమరావతి కథలు", నూరు కథలు, ఒక్కోటీ రెండు మూడు పేజీలు, పాలు పొంగేలోపు ఒకటి అయిపోతుంది, బాపు బొమ్మలు. కృష్ణ ఒడ్డు, గుడి, రేవు, పడవ, పులిహోర వాసన, అన్నీ ఉంటాయి. 1979లో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ అవార్డు కూడా వచ్చింది, అవార్డు సంగతి అమ్మకి చెప్పక్కర్లేదు, "పడుకునే ముందు ఒక్కటి చదువు" అని చెప్తే చాలు.

శ్రీరమణ "మిథునం" గురించి చాలామంది అడుగుతారు. అద్భుతమైన కథ, బాపు తన దస్తూరీతో రాసిపెట్టుకున్నంత ఇష్టపడ్డ కథ, అప్పదాసూ బుచ్చిలక్ష్మీ అందరి ఇళ్ళలోనూ ఉంటారు. కానీ నాన్నగారు ఈమధ్యే పోయి ఉంటే మాత్రం ఇప్పుడే ఇవ్వకండి, ఒక రెండు మూడేళ్ళు ఆగండి. ఆ కథ చివర ఎలా ఉంటుందో తెలిసినవాళ్ళకి ఎందుకు చెప్తున్నానో అర్థమవుతుంది.

యాసలో ఉన్న పుస్తకాలు చదువుతారా, కష్టం కదా?

తిరగేసి ఆలోచించండి. మనకి కష్టం, వాళ్ళకి కాదు. పట్నం వచ్చి పాతికేళ్ళు "మర్యాదగా" మాట్లాడుతూ ఉన్న అమ్మకి తన పుట్టింటి మాట అచ్చులో కనిపిస్తే ఆ సంతోషం వేరు. పాలమూరు వైపు అమ్మ అయితే పాకాల యశోదారెడ్డి "మా ఊరి ముచ్చట్లు", "ఎచ్చమ్మ కథలు" ఎక్కడ దొరికితే అక్కడ కొనేయండి. చిత్తూరు వైపైతే నామిని, "పచ్చనాకు సాక్షిగా" గానీ "మా అమ్మ చెప్పిన కతలు" గానీ. గోదావరి అమ్మకి వంశీ "మా పసలపూడి కథలు", తిండి గురించి రాసిన పేజీలు పైకి చదివి వినిపిస్తారు చూడండి. నెల్లూరుకి ఖదీర్‌బాబు "దర్గామిట్ట కతలు". విజయనగరం అయితే చాసో. ఆయన "వాయులీనం" అని ఒక కథ ఉంది, భార్య జబ్బుకి డబ్బు లేక ఆవిడ వయొలిన్‌నే అమ్మేస్తారు, అందులో మిగిలినదాంతో ఆవిడకి చీర కొంటాడు భర్త. పాటో వీణో డాన్సో పెళ్ళయ్యాక వదిలేసిన అమ్మలు ఎంతమంది ఉన్నారో మన ఇళ్ళల్లో, వాళ్ళు ఈ కథ చదివి ఏమీ మాట్లాడరు, కాసేపు కిటికీ వైపు చూస్తారంతే.

నా ఫ్రెండ్ ఒకమ్మాయి వాళ్ళమ్మకి తెలంగాణ యాస కథలు తెచ్చిస్తే "మా అవ్వ గిట్లనే మాట్లాడుతుండె" అని ఆ రోజంతా వాళ్ళ అవ్వ సంగతులే చెప్పిందంట, మనవరాళ్ళకి ఆ పేర్లు కూడా అప్పటిదాకా తెలీదు.

భక్తి పుస్తకాలైతే సేఫ్ కదా?

సేఫే, కానీ ఆవిడకి ఆ అలవాటు ఉంటేనే. యాభై దాటిన ప్రతి అమ్మకీ లలితా సహస్రనామం, భగవద్గీత ఇచ్చేయడం మనం బద్ధకంతో చేసే పని. పేరంటాల్లో తాంబూలంతో వచ్చిన స్తోత్రాల పుస్తకాలే దేవుడి గూట్లో దొంతర ఉంటుంది. నిజంగా ఇష్టపడే అమ్మ అయితే మాత్రం మంచిది వెతకండి: టీటీడీ వేసిన పోతన భాగవతం తాత్పర్యాలతో ఉంటుంది, వచనంలో రామాయణం కావాలంటే ఉషశ్రీది. ఉషశ్రీ గొంతు ఆదివారం మధ్యాహ్నం విజయవాడ రేడియోలో విన్నవాళ్ళకి ఆ పుస్తకంలో ప్రతి వాక్యం ఆ గొంతుతోనే వినిపిస్తుంది. గోరఖ్‌పూర్ గీతాప్రెస్ వాళ్ళ తెలుగు పుస్తకాలు చౌకగా ఉంటాయి, రోజూ పారాయణ చేసే పుస్తకం నలిగిపోయి ఉంటే అదే పుస్తకం పెద్ద అక్షరాల్లో దొరుకుతుందేమో చూడండి. పాతది మాత్రం పారేయొద్దు, అందులో కుంకుమ మరకలూ, పాత పెళ్ళి శుభలేఖ ముక్కలూ ఉంటాయి.

వంటల పుస్తకం?

వద్దు. ఆవిడే స్వయంగా అడిగితే తప్ప వద్దు. బరువు తగ్గడం, షుగర్ తగ్గించుకోవడం పుస్తకాలు అసలే వద్దు, అవి గిఫ్టు కాదు.

అక్షరాలు చిన్నగా ఉన్నాయంటుంది. ఏం చూసుకోవాలి?

ఇది అందరూ మర్చిపోయేదీ అన్నిటికన్నా ముఖ్యమైనదీ. నలభై దాటాక దగ్గరి చూపు ఎవరికైనా తగ్గుతుంది, పైగా తెలుగులో వత్తులూ గుడులూ కిందా పైనా ఉంటాయి కాబట్టి లైన్లు ఇరుకుగా వేస్తే పై లైను వత్తు కింది లైను తలకట్టుకి తగులుతూ ఉంటుంది, అది చదవడం నిజంగా శ్రమ. షాపులో మధ్య పేజీ తెరిచి, ఒక మూర దూరంలో పట్టుకుని, ట్యూబ్‌లైటు వెలుతురులో చూడండి. "క్ష్మ"లూ "ర్త్వ"లూ విడివిడిగా కనపడితే సరే. కాగితం మరీ తెల్లగా నిగనిగలాడేది వద్దు, లైటు పడితే మెరుస్తుంది. పేజీ మధ్యలో కుట్టు దగ్గరికి అక్షరాలు దూరిపోయి ఉంటే పుస్తకాన్ని రెండు చేతుల్తో విప్పి పట్టుకోవాలి, వేళ్ళ నొప్పులున్నవాళ్ళకి అది కుదరదు.

బరువు కూడా. అమ్మలు ఎక్కువగా మధ్యాహ్నం భోజనాలయ్యాక మంచం మీద పక్కకి తిరిగి పడుకుని చదువుతారు. "వేయిపడగలు" ఎంత గొప్పదైనా ఆ పొజిషన్లో పట్టుకోలేరు. లావు పుస్తకమే ఇవ్వాలనుంటే దాంతోపాటు ఒక వ్యాసపీఠం కొనండి, అదే చెక్కతో మడత పెట్టేది, తాతయ్యలు భారతం పెట్టుకుని చదివేవాళ్ళే, అది. ఇప్పటికీ దొరుకుతుంది, ఇంట్లో అందంగా ఉంటుంది కూడా. అమ్మ కళ్ళజోడు మార్చి ఎన్నేళ్ళయిందో అడగండి, చాలాసార్లు పుస్తకం కంటే ముందు కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాల్సి ఉంటుంది. శుక్లాల ఆపరేషన్ అయినవాళ్ళకి కళ్ళు కుదుటపడ్డాక, డాక్టరు సరే అన్నాక ఇవ్వండి, ఆ సమయంలో ఇచ్చిన పుస్తకం వాళ్ళకి ఎప్పటికీ గుర్తుంటుంది, మా పెద్దమ్మకి అలాగే అయింది.

మా అమ్మకి చదవడం అంతగా రాదు, కూడబలుక్కుంటుంది. పుస్తకం ఇస్తే చిన్నబుచ్చుకుంటుందా?

ఇచ్చే పద్ధతిని బట్టి. పిల్లల వాచకం తెచ్చి చేతిలో పెడితే చిన్నబుచ్చుకోదా మరి. అలా కాకుండా మంచి జానపద కథల పుస్తకం, పెద్ద బొమ్మలున్నది, "పిల్లలకి చెప్పు" అని ఇవ్వండి, మనవడికి చదివిపెట్టే వంకతో తనూ చదువుకుంటుంది. లేదా మీరే రోజూ ఒక పదినిమిషాలు చదివి వినిపించండి, దూరంగా ఉంటే ఫోన్లో వినిపించండి.

ఒక సంగతి చెప్తాను. 1991లో నెల్లూరు జిల్లాలో అక్షరదీపం అని సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమం నడిచింది. దూబగుంటలో కూలిపని చేసుకునే ఆడవాళ్ళు సాయంత్రం పూట చదువుకుంటున్న వాచకంలో సారా వల్ల పాడైన సంసారం గురించి ఒక పాఠం ఉంది, అది చదివి, ఇది మన కథే కదా అనుకుని, ఊళ్ళోకి సారా రాకుండా అడ్డుకున్నారు. 1992లో అది రాష్ట్రమంతా పాకిన సారా వ్యతిరేక పోరాటమైంది. అప్పుడే అక్షరాలు కూడబలుక్కుంటున్న అమ్మలు వాళ్ళు. అందుకని "ఆవిడకేం అర్థమవుతుందిలే" అని మాత్రం ఎవరన్నా నాకు కోపం వస్తుంది.

ఆడియో పుస్తకాలు ఇవ్వొచ్చా?

కళ్ళు బాగా ఇబ్బంది పెడుతుంటే తప్పకుండా. దాసుభాషితం అని తెలుగు ఆడియో పుస్తకాల యాప్ ఉంది, కిరణ్‌ప్రభ గారి టాక్ షోలు యూట్యూబ్‌లో ఉన్నాయి, రచయితల గురించీ నవలల గురించీ తాపీగా చెప్తారు, చేత్తో పని చేసుకుంటూ వినొచ్చు. కానీ లింక్ ఫార్వర్డ్ చేసి వదిలేస్తే అది గిఫ్ట్ అవ్వదు. ఫోన్‌లో యాప్ వేసి, లాగిన్ చేసి, ఎక్కడ నొక్కాలో మూడుసార్లు చూపించి, ఇయర్‌ఫోన్స్ వద్దంటే చిన్న స్పీకరు కూడా కొనిచ్చి రండి.

ఇంగ్లీషు నవలల అనువాదాలు చదువుతుందా?

చదువుతుంది, చాలా ఏళ్ళుగా చదువుతూనే ఉంది. శరత్‌బాబు బెంగాలీ రచయిత అంటే "మన చక్రపాణి గారు రాసినవి కదా" అనే అమ్మలు ఉన్నారు, ఆ అనువాదాలు అంతగా ఇంట్లో మనిషైపోయాయి. ప్రపంచ నవలలు పరిచయం కావాలంటే మాలతీ చందూర్ "పాతకెరటాలు", ఒక్కో నవల సారాంశం కొన్ని పేజీల్లో ఉంటుంది. అమ్మకి అందులో ఏది నచ్చిందో చూసి ఆ నవల పూర్తి అనువాదం తర్వాతి పుట్టినరోజుకి ఇవ్వొచ్చు, రెండేళ్ళకి సరిపడా ఐడియాలు దొరుకుతాయి.

అత్తగారికి ఇవ్వాలి. భయంగా ఉంది.

రంగనాయకమ్మతో మొదలుపెట్టకండి, అంతే! ముందు ఆవిడ కొడుకుని అడగండి, తెలీదంటాడు, అప్పుడు ఆడపడుచుని అడగండి. "అత్తయ్యా, మీరు చదివి ఎలా ఉందో చెప్తే నేనూ చదువుతా" అని ఇవ్వండి, ఆ మాటతో ఇద్దరికీ మాట్లాడుకోడానికి వంటింటి విషయాలు కాకుండా ఇంకోటి దొరుకుతుంది.

నాకే తెలుగు చదవడం రాదు, చెన్నైలో పెరిగాను. ఎలా సెలెక్ట్ చేయాలి?

మీ అమ్మ చెల్లెలికి ఫోన్ చేయండి. నిజంగా, పిన్నులకి అన్నీ తెలుసు. అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉండి అమ్మని ఆరునెలలకి పిలిపించుకుంటున్నవాళ్ళకి కూడా ఒక మాట: మీరు ఆఫీసుకెళ్ళాక ఆ ఇంట్లో మధ్యాహ్నాలు చాలా పొడుగ్గా ఉంటాయి. పచ్చళ్ళూ పొడులతో సూట్‌కేసు నింపేముందు నాలుగు పలచటి పుస్తకాలకి చోటు ఉంచమని చెప్పండి, లేదంటే మీరే ముందుగా తెప్పించి ఆవిడ మంచం పక్కన పెట్టి ఉంచండి.

ఎక్కడ కొనాలి? పాత పుస్తకం ఎక్కడా దొరకట్లేదు.

విజయవాడ ఏలూరు రోడ్డు, హైదరాబాద్‌లో కాచిగూడ నవోదయ, ఊళ్ళల్లో విశాలాంధ్ర, ప్రజాశక్తి, తెలంగాణలో నవచేతన. జనవరిలో విజయవాడ పుస్తక మహోత్సవం, డిసెంబరు చివర్లో హైదరాబాద్ బుక్ ఫెయిర్, కుదిరితే అమ్మనే తీసుకెళ్ళండి, చేతిలో డబ్బులు పెట్టి "నీ ఇష్టం" అని వదిలేయండి, అంతకంటే మంచి గిఫ్టు నాకు తెలీదు. ప్రింటులో లేనివాటికి ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్‌లు, పాత పుస్తకాల షాపులు. వెనక ఎవరిదో పేరూ ఏదో ఊరి లైబ్రరీ ముద్రా ఉన్న పాత కాపీ వచ్చినా బాధపడొద్దు, అమ్మలకి అదే నచ్చుతుంది.

మరీ పాత రచయితలైతే ఇంకో దారి ఉంది, మన దేశంలో రచయిత పోయిన 60 ఏళ్ళకి కాపీరైట్ అయిపోతుంది కాబట్టి 1952లో పోయిన అడవి బాపిరాజు లాంటివాళ్ళ పుస్తకాలు స్కాన్ కాపీ దొరికితే పెద్ద సైజులో ప్రింట్ తీసి బైండు చేయించొచ్చు. బతికున్న రచయితలవి, ఈమధ్య పోయినవాళ్ళవి అలా చేయకండి, తెలుగు పుస్తకం కొనేవాళ్ళే తక్కువ, ఆ కొంచెమైనా వాళ్ళకి చేరనివ్వండి.

మొదటి పేజీలో ఏం రాయాలి?

ఆవిడ పేరు. "ప్రియమైన అమ్మకి" అని కాదు, పూర్తి పేరు, కుదిరితే పుట్టింటి ఇంటిపేరుతో. పి. సత్యవతి "ఇల్లలకగానే" కథ చదివినవాళ్ళకి ఎందుకో తెలుస్తుంది, ఇల్లు అలుకుతూ అలుకుతూ తన పేరే మర్చిపోయిన ఇల్లాలు అది గుర్తుతెచ్చుకోడానికి పుట్టినూరికి వెళ్ళాల్సి వస్తుంది. కింద తేదీ, ఊరు, మీ సంతకం. పెన్నుతో రాయండి, స్టిక్కర్లు వద్దు.

ఇచ్చి ఆరునెలలైంది, బీరువాలో చీరల మధ్య పెట్టింది, తెరవలేదు.

చీరల మధ్య పెట్టిందంటే భద్రంగా దాచుకుందని, ఇష్టం లేక కాదు. "చదివావా" అని పరీక్షలా అడగొద్దు. మీరు ఇంటికెళ్ళినప్పుడు ఒక మధ్యాహ్నం ఆ పుస్తకం బయటికి తీసి ఆవిడ పక్కన పెట్టి, రాత్రి వంట మీరు చేయండి, గిన్నెలు కూడా మీరే కడగండి, ఉప్పు డబ్బా ఎక్కడుందని లోపలినుంచి అరవకండి. వెతుక్కోండి.